చిట్టెలుక పిండాలతో పని: వరంగల్ నుంచి బయలుదేరేవాళ్లకు

ఉద్యోగం వచ్చిందని అమ్మకు చెప్పింది పెత్రమాస నాడు. "ఏం పని బిడ్డా?" అంటే "చిట్టెలుకల పిండాల మీద" అన్నాను. చేతిలో ఉన్న చాట కింద పెట్టి, "ఇయ్యాల్టి పూట గా పిండాల ముచ్చటేంది?" అని కసిరింది. తర్వాత చాలాకాలం వాడకట్టులో ఎవరడిగినా "ల్యాబుల పని" అనే చెప్పుకుంది. ఈ పిండం పెద్దలకు పెట్టే ఆ పిండం కాదని ఒప్పించడానికి రెండు కణాల దశ ఫొటో ఫోన్‌లో చూపించాల్సి వచ్చింది. "శెనగ బద్దల్లెక్క ఉన్నది" అంది. నిజంగానే అలాగే ఉంటుంది.

కాకతీయ యూనివర్సిటీలో జువాలజీ, బయోటెక్నాలజీ చదివేవాళ్లు, మామునూరు, కోరుట్ల వెటర్నరీ కాలేజీల పిల్లలు అప్పుడప్పుడు ఈ పని గురించి అడుగుతుంటారు. వాళ్లకు ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. ఈ పనిలో తెలివి ఎంత అవసరమో గడియారం అంతకన్నా ఎక్కువ అవసరం. ఎలుక మీ టైమ్‌కు రాదు, మీరే దాని టైమ్‌కు వెళ్లాలి.

ఎక్కడ దొరుకుతుంది ఈ పని

మన దగ్గర డిగ్రీ, పీజీ చదువుకోవచ్చు కానీ పని మాత్రం అనుమతి ఉన్న జంతుశాల ఉన్నచోటే దొరుకుతుంది. హైదరాబాద్‌లో హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ, గచ్చిబౌలి వైపు జంతు బయోటెక్నాలజీ సంస్థ ఎన్ఐఏబీ ఉన్నాయి. బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ ఉన్న క్యాంపస్, ముంబైలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వారి పునరుత్పత్తి ఆరోగ్య సంస్థ, ఢిల్లీలో రోగనిరోధక శాస్త్ర సంస్థ ఎన్ఐఐ కూడా చూడదగినవి. హనుమకొండ బస్సు ఎలాగూ ఉప్పల్ మీదుగానే సిటీలోకి వస్తుంది, హబ్సిగూడ అక్కడికి దగ్గరే. మొదటిసారి ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకు ఆ ఒక్క టెన్షన్ తగ్గుతుంది.

ప్రకటనల్లో "పిండ నిపుణులు కావలెను" అని ఉండదు. ప్రాజెక్ట్ అసోసియేట్, జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), టెక్నికల్ అసిస్టెంట్, ట్రాన్స్‌జెనిక్ ఫెసిలిటీ (జన్యువులు మార్చిన జంతువుల విభాగం) సిబ్బంది అని ఉంటుంది. సీఎస్ఐఆర్ నెట్, డీబీటీ బెట్, గేట్ అనే జాతీయ అర్హత పరీక్షల్లో ఒకటి రాసి ఉంటే దారి సులువు. 2023 నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. ప్రాజెక్ట్ పోస్టులో అంతకన్నా తక్కువ రావచ్చు, అదీ ప్రాజెక్ట్ ఉన్నన్నాళ్లే. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి. "పర్మినెంటా?" అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది.

ల్యాబు హెడ్‌కు మెయిల్ రాసేటప్పుడు "చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టం" అని మొదలుపెట్టకండి. మీ చేతులతో ఏం చేశారో రాయండి. కోడిపిల్ల పిండం స్లైడ్ చేశారా, కప్ప గుడ్లు పెంచారా, కణజాలాన్ని పలుచగా కోసే మైక్రోటోమ్ తిప్పారా? అవి రెండు వాక్యాల్లో ఉంటే చాలు. నన్ను పిలిచినప్పుడు మొదట అడిగింది మార్కుల గురించి కాదు. "చెయ్యి వణుకుతుందా?" అని.

మొదటి నెల జంతుశాలలోనే

చాలామంది నేరుగా మైక్రోస్కోప్ ముందు కూర్చోవాలనుకుంటారు. వద్దు. కనీసం ఒక నెల జంతుశాలలో కేజ్‌లు మార్చేవాళ్ల వెంట తిరగండి. అక్కడ పదిహేనేళ్లుగా పనిచేసే అన్నకు తెలిసినంత మన పుస్తకాలకు తెలియదు. కేజ్ మూత తీయగానే వచ్చే వాసనను బట్టి పొట్టు ఎప్పుడు మార్చాలో చెబుతాడు. తోక మొదట్లో పట్టి ఎత్తి చేతి మీద కూర్చోబెట్టుకోవడం, మెడ దగ్గర చర్మం పట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకోండి. మీరు భయపడితే ఎలుకా భయపడుతుంది, కొరుకుతుంది. గ్లౌజు, మాస్కు వదలకండి. ఎలుక బొచ్చు, మూత్రం వల్ల వచ్చే అలర్జీ మొదట్లో తుమ్ములతోనే మొదలవుతుంది, నిర్లక్ష్యం చేస్తే ఆయాసం దాకా పోతుంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే సీసీఎస్ఈఏ అనే కమిటీ ఉంది. దాని నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ ఒక జంతు నైతిక కమిటీ ఉంటుంది. ఎన్ని ఎలుకలు, ఎందుకు, ఎలా అని ముందే రాసి వాళ్ల అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి నంబర్ రాకముందు ఒక్క ఎలుకను కూడా ముట్టుకోకూడదు. అడిగినన్ని వాడేసి "ఇంకో నాలుగు కావాలి" అంటే కుదరదు, మళ్లీ రాసుకోవాల్సిందే.

ఇంకో మాట దాచకుండా చెబుతాను. పిండాలు తీయాలంటే తల్లి ఎలుకను చంపాలి. మెడ ఎముక విడదీయడం నేర్పుగా చేస్తే క్షణంలో అయిపోతుంది, నేర్పు లేకపోతే ఎలుకకు నరకం. అందుకే శిక్షణ పొందినవాళ్ల పక్కన ఉండి, వాళ్లు సరే అన్నాకే చేయాలి. నేను మొదటిసారి చేసిన రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవలేదు. ఇన్నేళ్లయినా అది అలవాటైన పని అనను. అలవాటు కాకపోతేనే మంచిదని నా ఉద్దేశం, అప్పుడే ఒక్క ఎలుకను కూడా అనవసరంగా వాడం.

గాజు లాగడం, నోటి పిపెట్

ఎలుక పిండం చుట్టూ ఉండే పొరతో కలిపి కూడా దాదాపు 100 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో పదో వంతు. ఆవగింజ అడ్డంగా పది, ఇరవై పిండాలు పడతాయి. దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేది మామూలు పిపెట్ కాదు, మనం లాగి చేసుకున్న గాజు గొట్టం.

సన్నని గాజు క్యాపిల్లరీని మంటలో పట్టుకుని తిప్పుతూ ఉండండి. మధ్యలో మెత్తబడి ఎర్రగా అవుతుంది. ఇప్పుడు చేసే తప్పు అందరూ చేసేదే: మంటలోనే లాగేస్తారు. అలా చేస్తే వెంట్రుకలా సాగి తెగిపోతుంది. మంటలోంచి బయటికి తీసి, అర సెకను ఆగి, రెండు చేతులతో ఒక్క ఊపులో లాగాలి. కరీంనగర్‌లో వెండి తీగ పని చేసేవాళ్లను చూశారా? తీగ ఎప్పుడు వేడి, ఎప్పుడు చల్లన అనేది వాళ్ల వేళ్లకే తెలుసు. గాజు కూడా అంతే.

లాగినదాన్ని డైమండ్ పెన్సిల్‌తో చిన్న గీత గీసి విరవండి. అంచు పలకలా తిన్నగా ఉండాలి. మొనతేలితే పిండం పొర చీలుతుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే లోపలి బోలు పిండం కన్నా కొంచెమే వెడల్పుగా, 120 నుంచి 150 మైక్రాన్లు ఉండాలి. మరీ వెడల్పైతే పిండంతో పాటు బోలెడు మీడియా (పిండాలను ఉంచే పోషక ద్రవం) వస్తుంది, మరీ ఇరుకైతే పిండం నలుగుతుంది. మొదటి వారం రోజుకు ముప్పై లాగండి. అందులో మూడు పనికొస్తే బాగా చేస్తున్నట్టే. చేతి పని గురించి నేను చదివిన ఏ పాఠం కన్నా సంక్రాంతికి అమ్మ సకినాలు చుట్టడమే నాకు ఎక్కువ నేర్పింది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి తీగ తెగకుండా తిరుగుతుంటే చెయ్యి కదలదు, వేళ్లే కదులుతాయి. పిండాల పనిలో కూడా మోచేయి బల్ల మీద ఆనాలి, కదలాల్సింది వేలికొసలే.

ఆ గాజును రబ్బరు గొట్టానికి తగిలించి, రెండో కొసన ఉన్న మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుంటాం. కొత్తవాళ్లు ఊపిరితో పీలుస్తారు, పిండం గొట్టంలోకి దూసుకుపోయి కనబడకుండా పోతుంది. ఊపిరి ముక్కుతో మామూలుగా తీసుకుంటూ ఉండండి, గొట్టాన్ని నడిపేది నాలుక. పిండాలు తీసుకునే ముందే కొంచెం మీడియా, ఒక గాలి బుడగ, మళ్లీ మీడియా, మళ్లీ బుడగ అలా రెండు మూడు ఎక్కించండి. ఆ బుడగలే బ్రేకులు. గొట్టంలో ఫిల్టర్ తప్పకుండా ఉండాలి. మనుషుల నమూనాలకు, రసాయనాలకు ఈ నోటి పిపెట్ ఎప్పుడూ వాడకూడదు. కొన్ని సంస్థల్లో ఎలుకలకు కూడా ఒప్పుకోరు, చేతితో నొక్కే పిపెట్ ఇస్తారు. వాదించకుండా అదే నేర్చుకోండి.

హార్మోన్ సూదుల లెక్క

ఆడ చిట్టెలుక నాలుగైదు రోజులకొకసారి ఎదకు వస్తుంది. అప్పుడు సహజంగా విడుదలయ్యే అండాలు పది లోపు. ప్రయోగానికి అవి చాలవు కాబట్టి రెండు సూదులు వేస్తాం. మొదటిది అండాలను పెంచే హార్మోన్ పీఎంఎస్‌జీ, 5 యూనిట్లు. 46 నుంచి 48 గంటల తర్వాత అండాలను విడుదల చేయించే హెచ్‌సీజీ, 5 యూనిట్లు. రెండూ పొట్టలోకే. హెచ్‌సీజీ వేసిన రోజు సాయంత్రం ఒక్కో మగ ఎలుక కేజ్‌లో ఒక్కో ఆడదాన్ని వదలాలి. మగదాన్నే ఆడదాని కేజ్‌లోకి పంపకండి, కొత్త చోటును వాసన చూసుకుంటూ తిరగడంతోనే దానికి రాత్రి గడిచిపోతుంది. సరిగ్గా కుదిరితే ఒక్కో ఆడ ఎలుక నుంచి ఇరవై, ముప్పై అండాలు కూడా వస్తాయి. జాతిని బట్టి, వయసును బట్టి ఈ లెక్క మారుతుంది. బ్లాక్ సిక్స్ అని మనం పిలిచే నల్ల ఎలుకల్లో మూడు నాలుగు వారాల పిల్లలు బాగా స్పందిస్తాయి.

పీఎంఎస్‌జీని చిన్న చిన్న గొట్టాల్లో పంచి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించి వాడకండి. డబ్బు మిగిలిందనుకుంటాం కానీ ఎలుకలు పోతాయి.

మర్నాడు పొద్దున్నే ప్లగ్ చూడాలి. జత కట్టిన ఆడ ఎలుక యోని ద్వారం దగ్గర తెల్లగా గట్టిపడిన చిన్న బిళ్ల ఉంటుంది. అది ఆ పూటకే రాలిపోవచ్చు, కాబట్టి తొమ్మిదింటికి ముందే చూసేయండి. ప్లగ్ పడిందంటే జత కట్టిందని మాత్రమే అర్థం, గర్భం నిలిచిందని కాదు. ప్లగ్ కనిపించిన రోజు మధ్యాహ్నాన్ని 0.5 రోజు అంటాం. అక్కడి నుంచి లెక్క తప్పదు. 0.5న ఒక కణం, 1.5న రెండు కణాలు, 2.5న ఎనిమిది కణాలు దగ్గరగా ముడుచుకునే దశ, 3.5న లోపల నీటి గది ఉన్న బ్లాస్టోసిస్ట్. 4.5 ప్రాంతంలో అది గర్భాశయం గోడకు అతుక్కుంటుంది, ఇక కడిగి తీయలేం.

ఇదంతా చీకటి వెలుగుల మీద ఆధారపడి ఉంది. జంతుశాలలో లైట్లు ఏ టైమ్‌కు వెలుగుతాయో, ఏ టైమ్‌కు ఆరిపోతాయో తలుపు మీద రాసి ఉంటుంది, దాన్ని మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. రాత్రిపూట ఎవరో ఫోన్ టార్చ్ వేసుకుని లోపలికి వెళ్తే ఎలుకకు మధ్యరాత్రి తెల్లవారినట్టే. పక్కన బిల్డింగ్ పనుల మోత, దీపావళి పటాకులు కూడా జతకట్టడాన్ని చెడగొడతాయి. ఆ వారాల్లో ముఖ్యమైన బ్యాచ్ పెట్టుకోకండి.

చుక్కల డిష్

రెండు రకాల మీడియాలు ఉంటాయి, వాటిని కలిపేసుకోవడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. ఎం2 అనేది బయట, బల్ల మీద పని చేయడానికి. అందులో పులుపు మారకుండా చూసే హెపీస్ అనే రసాయనం ఉంటుంది కాబట్టి మామూలు గాలిలో నిలుస్తుంది. కేసామ్, ఎం16 వంటివి ఇంక్యుబేటర్ లోపలికి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటేనే వాటి పులుపు సరిగ్గా ఉంటుంది. ఎం2ను ఇంక్యుబేటర్‌లో పెట్టొద్దు, కేసామ్‌ను బల్ల మీద వదిలేయొద్దు.

పిండాలు తీసే ముందురోజు సాయంత్రమే డిష్ సిద్ధం చేయాలి. 35 మిల్లీమీటర్ల ప్లేటులో 20 మైక్రోలీటర్ల చుక్కలు నాలుగైదు పెట్టి, వెంటనే పైన పిండాలకు పరీక్షించిన మినరల్ ఆయిల్ పోయండి. ఆ 'వెంటనే' చాలా ముఖ్యం. ఏసీ గాలికి, హుడ్ ఫ్యాన్‌కు చిన్న చుక్క నిమిషాల్లో ఆవిరవుతుంది. నీరు పోయి ఉప్పు మిగిలితే పిండం ముడుచుకుంటుంది. పది డిష్‌లలో చుక్కలన్నీ పెట్టి చివర్లో ఆయిల్ పోద్దామనుకోకండి. ఒక డిష్, ఆయిల్, తర్వాత ఇంకో డిష్. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంటే పొద్దుటికి వేడి, గాలి రెండూ సర్దుకుంటాయి.

మీడియాలో ఫీనాల్ రెడ్ ఉంటే రంగే చెబుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టు, ఇందులో క్షారం పెరిగితే గులాబీ, ఊదా రంగు వస్తుంది. అంటే కార్బన్ డయాక్సైడ్ అందడం లేదు. పసుపు వైపు తిరిగితే పులుపెక్కింది. తలుపు తీయకుండానే అద్దం లోంచి రంగు చూసే అలవాటు చేసుకోండి.

ఇంకొకటి, పిండాల గదిలో ఫినైల్ తుడుపు వద్దు. అగరబత్తి వద్దు, సెంటు వద్దు, గోళ్ల రంగు వద్దు. ఆవిరయ్యే రసాయనాలు ఆయిల్‌లో చేరి పిండాలను ఆపేస్తాయి. సంస్థ శుభ్రం చేసే అక్కకు ఈ సంగతి మీరే, మర్యాదగా, కారణంతో సహా చెప్పండి. మా దగ్గర చెప్పాక ఆమే తలుపు మీద కాగితం అంటించింది, "ఈ రూములో ఫినాలు బంద్" అని.

తీయడం

అండవాహికను, అవసరమైతే గర్భాశయం కొమ్మును కత్తిరించి, వెచ్చని ఎం2 ఉన్న ప్లేటులోకి తీసుకోండి. ప్లగ్ రోజే అయితే అండవాహికలో ఒకచోట ఉబ్బిన అద్దంలాంటి సంచి కనిపిస్తుంది. ఫోర్సెప్స్‌తో దాన్ని చీలిస్తే పిండాలు మబ్బులాంటి కణాల మధ్య గుంపుగా బయటపడతాయి. హయలురోనిడేజ్ అనే ఎంజైము చుక్కలో కొన్ని నిమిషాలు ఉంచితే ఆ కణాలు ఊడిపోతాయి. ఊడగానే తీసి మూడు నాలుగు ఎం2 చుక్కల్లో కడగండి. ఆ ఎంజైములో మరిచిపోయి టీకి వెళ్లినవాళ్లను చూశాను, తిరిగొచ్చేసరికి పిండాలు పాడయ్యాయి.

రెండు, ఎనిమిది కణాల దశలైతే అండవాహిక నోటిలోకి మొన అరగదీసిన 30 గేజ్ సూది దూర్చి కొద్దిగా మీడియా పంపాలి. ఆ నోరు దొరకడమే కష్టం. మడతల్లో దాక్కుని ఉంటుంది. మొదటి పదిసార్లు దొరకదు. అప్పుడు సీనియర్ మీ భుజం మీదుగా తొంగి చూసి విసుక్కుంటారు, పట్టించుకోకండి. బ్లాస్టోసిస్ట్ అయితే గర్భాశయం కొమ్మును కడిగితే చాలు, కాస్త సులువు.

చంపినప్పటి నుంచి పిండాలు ఇంక్యుబేటర్‌లో చేరేవరకు ఎంతసేపు పట్టిందో ప్రతిసారీ రాయండి. మొదట్లో ఒక ఎలుకకు అరగంట పట్టినా ఫరవాలేదు, కానీ అప్పుడు ఒకేసారి ఆరు ఎలుకలు పెట్టుకోకండి. ఒకటి పూర్తిచేసి పిండాలు లోపల పెట్టాకే రెండోది.

ఇంక్యుబేటర్, గ్యాస్ బండ

37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, కింద ట్రేలో శుభ్రమైన నీళ్లు. ఒక్కో చుక్కలో పది, పదిహేను పిండాలు కలిపి పెట్టండి. ఒంటరిగా కన్నా గుంపుగా బాగా పెరుగుతాయి. తర్వాత తలుపు ఊరికే తీయకండి. రోజుకోసారి, ఒకే టైమ్‌కు చూస్తే చాలు.

ఒక ఆదివారం నా బ్యాచ్ మొత్తం పోయింది. సిలిండర్ చూసే వంతు నాది. శనివారం సాయంత్రం గేజ్ ముల్లు బాగానే ఉందని ఇంటికి వెళ్లిపోయాను. సిలిండర్‌లో కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. ద్రవం ఉన్నంతసేపూ ముల్లు పెద్దగా కదలదు, అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. ఇంట్లో గ్యాస్ బండను ఊపి, బరువు చూసి చెప్పే అమ్మకు తెలిసిన విషయం నాకు ఎమ్మెస్సీ చదివినా తట్టలేదు. అప్పటి నుంచి సిలిండర్ పెట్టిన తేదీ సున్నంతో దాని మీదే రాస్తాను, రెండోది నిండుగా పక్కన లేకపోతే బ్యాచ్ పెట్టను.

పెరగకపోతే ఏం చూడాలి

అన్నీ రెండు కణాల దగ్గరే ఆగిపోయాయా? ఇది పాత జబ్బు. చిట్టెలుకలో పిండం సొంత జన్యువులు మేల్కొనేది రెండు కణాల దశలోనే, మనుషుల్లో అయితే నాలుగు, ఎనిమిది కణాల మధ్య. ఆ మలుపు దగ్గర మీడియా నచ్చకపోతే పిండం ముందుకు కదలదు. శాస్త్రవేత్తలు ఆన్ మెక్‌లారెన్, జాన్ బిగ్గర్స్ 1958లో గాజు పాత్రలో పెంచిన పిండాలను తల్లి గర్భంలో పెట్టి పిల్లలు పుట్టించినప్పుడు, వాళ్లు మొదలుపెట్టింది ఎనిమిది కణాల దశ నుంచి. ఒక కణం నుంచి చాలా జాతుల్లో కుదిరేది కాదు. 1989లో వచ్చిన సీజెడ్‌బీ మీడియా, ఆ తర్వాత కేసామ్ ఈ అడ్డు దాటించాయి. కాబట్టి మీ బ్యాచ్ అక్కడ ఆగితే ముందు మీడియా గడువు, తర్వాత నీరు, తర్వాత ఆయిల్ చూడండి. ఈ మూడింటిలో ఏది మారిందో నోట్‌బుక్ చెప్పాలి. ఒకేసారి మూడూ మార్చేస్తే కారణం ఎప్పటికీ తెలియదు.

ఒక కణం దగ్గరే చాలా మిగిలిపోయాయంటే అవి ఫలదీకరణ కాని అండాలు కావచ్చు, మగ ఎలుకను అనుమానించండి. వయసు మీరిందా, వరసగా జతలు కట్టించి అలిసిపోయిందా? ప్రతి మగదానికీ ఒక కార్డు పెట్టి, ఎన్నిసార్లు వదిలాం, ఎన్ని ప్లగ్‌లు పడ్డాయి అని రాస్తే దోషి వారంలో దొరుకుతుంది.

రెండు కణాల్లో ఒకటి చచ్చిపోయిందని పిండాన్ని పారేయకండి. పోలండ్ శాస్త్రవేత్త ఆంద్‌జెయ్ తార్కోవ్‌స్కీ 1959లోనే ఒక్క కణం మిగిలిన పిండం నుంచి కూడా పూర్తి ఎలుక పుడుతుందని చూపించాడు. విడిగా లెక్క రాసి పెట్టుకోండి.

రాసుకోవడం

నోట్‌బుక్‌లో ప్రతి బ్యాచ్‌కు ఇవి ఉండాలి: సూదుల టైమ్, ప్లగ్ టైమ్, ఎలుక జాతి, వయసు, మగదాని నంబర్, మీడియా లాట్ నంబర్, ఆయిల్ సీసా తెరిచిన తేదీ, తీసిన పిండాలెన్ని, ప్రతి రోజూ ఎన్ని మిగిలాయి, ఏ దశలో. చివర "గమనిక" అని ఒక గడి. కరెంటు పోవడం, కొత్త వాచ్‌మన్ లైటు వేయడం, మే నెలలో ఏసీ పనిచేయకపోవడం అన్నీ అందులోకే. పరిశోధన పేపర్లలో ఈ గడి కనిపించదు కానీ జవాబులు సగం అందులోనే ఉంటాయి.

ఈ లెక్కల అలవాటు ఇంకో దారికీ పనికొస్తుంది. ఐవీఎఫ్ కేంద్రాల్లో వాడే మీడియా, ఆయిల్, ప్లాస్టిక్ డిష్‌లు మనుషుల దాకా వెళ్లేముందు చిట్టెలుక పిండాల మీద పరీక్షిస్తారు. హనుమకొండలోనూ ఇప్పుడు సంతాన సాఫల్య కేంద్రాలు ఉన్నాయి. అటు వెళ్లాలనుకుంటే 2021 నాటి ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం కింది నిబంధనల్లో ఎంబ్రియాలజిస్టుకు ఏ అర్హతలు అడిగారో ముందు చదువుకోండి, ఎలుకల అనుభవం ఒక్కటే సరిపోదు.

రంగులు, చివరి పని

బ్లాస్టోసిస్ట్‌ను 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచి, తర్వాత ఏ కణం ఏదో గుర్తుపట్టించే యాంటీబాడీలు, రంగు వేస్తాం. లోపలి కణాల గుంపుకు ఆక్ట్4 ప్రొటీన్‌ను పట్టేది, బయటి పొరకు సీడీఎక్స్2ను పట్టేది, కేంద్రకాలకు డాపీ అనే రంగు. ఇక్కడ పిండాలు పోయేది రసాయనాల వల్ల కాదు, గాజుకు అతుక్కోవడం వల్ల. కడిగే ద్రవంలో కొంచెం బీఎస్ఏ అనే ప్రొటీన్ లేదా పీవీపీ అనే పాలిమర్ ఉంటే అతుక్కోవు. ప్రతి చుక్క మార్చినప్పుడూ లెక్కపెట్టండి. పన్నెండు వెళ్లి పదకొండు వచ్చాయంటే, ముందుకు వెళ్లకుండా గొట్టంలోనే వెతకండి.

సద్దుల బతుకమ్మకు ఇంటికి వెళ్లాలంటే

పండుగ ఆదివారం అనుకుందాం, శనివారం పొద్దున బయలుదేరాలి. వెనక్కి లెక్కపెట్టండి. శుక్రవారం బ్లాస్టోసిస్ట్ తీయాలంటే మంగళవారం పొద్దున ప్లగ్ పడాలి. అంటే సోమవారం మధ్యాహ్నం పన్నెండుకు హెచ్‌సీజీ, సాయంత్రం జత. అంతకుముందు శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు పీఎంఎస్‌జీ. అంటే ఎంగిలిపూల బతుకమ్మకు మీరు ఊళ్లో ఉండరు, ఆ శనివారం చేతిలో సూదితో జంతుశాలలో ఉంటారు. అమ్మకు ఈ సంగతి నెల ముందే చెప్పండి, రెండింటిలో ఏ పండుగ కావాలో ఆమెనే తేల్చుకోమనండి. మా అమ్మ ప్రతిసారీ సద్దులే అంటుంది.

శుక్రవారం పొద్దున్నే కడిగి తీసి, పారాఫార్మాల్డిహైడ్‌లో ఉంచి, మళ్లీ కడిగి, బీఎస్ఏ కలిపిన బఫర్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టేస్తే సోమవారం దాకా ఏమీ కాదు. ప్లేటు మూత మీద తేదీ, పిండాల సంఖ్య, మీ పేరు రాయండి. సిలిండర్ చూసే వంతు ఎవరిదో అడిగి, వాళ్ల నోటితోనే "నాదే" అనిపించుకుని, ఉప్పల్‌లో హనుమకొండ బస్సు ఎక్కండి.